బయటి ఊరి అభిమానులకు మన మైదానాల్లో చోటు ఉన్నదా?

ఖని_రెండో_షిఫ్టు
గత ఆదివారం హనుమకొండలో జరిగిన ఫుట్‌బాల్ సెమీఫైనల్‌కు మా గోదావరిఖని జట్టుతోపాటు మేము కొందరం కుటుంబాలతో సహా వచ్చాము. నిర్వాహకుల పేరు, మైదానం పేరు రాయడం లేదు. వచ్చినవాళ్లకు తెలుసు, రానివాళ్లకు అవసరం లేదు. ప్లే డే డ్యూటీ (సెలవు రోజున ఎక్కువ కూలికి చేసే పని) వదులుకుని వచ్చామంటే మాకు ఎంత నష్టమో సింగరేణిలో పనిచేసేవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. గేటు దగ్గర మా డప్పులు తీసి పక్కన పెట్టించారు. శబ్దం చేసే వస్తువులకు అనుమతి లేదన్నారు. లోపలికి వెళ్లి చూస్తే ఆతిథ్య జట్టు వైపు మనిషి ఎత్తున డీజే పెట్టెలు నిలబెట్టి ఉన్నాయి. మమ్మల్ని తూర్పు వైపు మెట్ల మీద కూర్చోబెట్టారు. అక్కడ షామియానా లేదు. సాయంత్రం ఆట కాబట్టి ఎండ నేరుగా కళ్లలో పడుతుంటే బంతి ఏ వైపు పోతున్నదో చెయ్యి అడ్డం పెట్టుకుని చూడవలసి వచ్చింది. నీళ్ల డ్రమ్ము ఒక్కటే ఉంది, అది కూడా అవతలి వైపు ఉంది. తాగి వస్తామంటే ఇటునుంచి అటు పోకూడదని వాలంటీర్లు ఆపారు. మేము స్కోరు సమం చేసిన తర్వాత మా మీద నీళ్ల ప్యాకెట్లు పడ్డాయి, కొన్నింటిలో నీళ్లే ఉన్నాయని చెప్పలేను. అన్నిటికంటే బాధ కలిగించింది మైకు. వ్యాఖ్యానం చెప్పే ఆయన మా పిల్లలను చూపించి బొగ్గు మసి గురించి జోకులు వేశాడు, మైదానమంతా నవ్వింది. ఆట చివరికి మేము ఓడాము, దాని గురించి నాకు ఫిర్యాదు లేదు. నేను అడిగేది ఒక్కటే: దీన్నేనా మీరు స్టేడియం వాతావరణం అంటున్నది?

హనుమకొండ_వింగర్
నేను ఆ రోజు అక్కడే, డీజే వైపున ఉన్నాను. నీళ్ల ప్యాకెట్లు విసరడం తప్పే, అందులో వాదన లేదు. కానీ మిగతా ఫిర్యాదులన్నీ కలిపి చదివితే బయటి జట్టుకు మైదానం అత్తగారిల్లులా ఉండాలన్నట్టు అనిపిస్తున్నది. సొంత మైదానం వల్ల లాభం ఉండాలంటే ఎదుటి జట్టు గుండె కొంచెం అదరాలి. 1993లో ఇంగ్లండు జట్టు మాంచెస్టర్ యునైటెడ్ ఇస్తాంబుల్ వెళ్లినప్పుడు అక్కడి గలాటసరాయ్ క్లబ్బు అభిమానులు విమానాశ్రయంలోనే నరకానికి స్వాగతం అని బ్యానర్ పట్టుకుని నిలబడ్డారు. ఆ ఆట సున్నా సున్నాతో ముగిసి యునైటెడ్ పోటీ నుంచే బయటికి పోయింది. ప్రపంచమంతా ఇప్పటికీ ఆ రాత్రి గురించి మెచ్చుకుంటూనే మాట్లాడుతుంది. మేము డీజే పెడితే మాత్రం నేరమా?

మానేరు_మిడ్‌ఫీల్డ్
డీజే నేరం కాదు కానీ సెమీఫైనల్ మధ్యలో బరాత్ పాటలు వేయడం నేరమే. కార్నర్ కిక్ తీసుకునేవాడు కూడా ఒక క్షణం స్టెప్పు వేయబోయాడని మా కరీంనగర్‌లో చెప్పుకుంటున్నారు.

కాజీపేట_కూత
వింగర్ తమ్ముడూ, ఇస్తాంబుల్ కథలో నువ్వు సగమే చెప్పావు. ఆ ఆటకు ఇంగ్లండు నుంచి వెళ్లిన అభిమానులను చాలామందిని పోలీసులు హోటళ్ల నుంచే పట్టుకుపోయి, ఆట చూడనివ్వకుండానే వెనక్కి పంపేశారు. 2000 ఏప్రిల్‌లో అదే నగరంలో, అదే క్లబ్బుతో ఆటకు ముందు రాత్రి ఇంగ్లండు క్లబ్బు లీడ్స్ అభిమానులు ఇద్దరు కత్తిపోట్లతో చనిపోయారు. బ్యానర్ పట్టుకున్నవాళ్లే కత్తి పట్టుకున్నారని నేను అనడం లేదు. కాకపోతే ఆటగాణ్ణి భయపెట్టడం ఒకటి, టికెట్ కొనుక్కుని వచ్చిన మనిషిని భయపెట్టడం మరొకటి. మొదటిది ఆటలో భాగమని నేనూ ఒప్పుకుంటాను. రైల్వే ఉద్యోగంలో కొన్నేళ్లు కలకత్తాలో ఉన్నాను, సాల్ట్ లేక్ స్టేడియంలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఆటలు చూశాను. ఆ అరుపులకు చెవులు రెండు రోజులు పనిచేయవు. ఈ రెండు జట్ల 1997 ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కు అక్కడ 1,31,000 మందికి పైగా వచ్చారు, ఈస్ట్ బెంగాల్ ఆటగాడు భూటియా హ్యాట్రిక్ కొట్టిన ఆట అదే. అంతమంది ఉన్నా ఎవరి గ్యాలరీ వారిది, ఎవరి గేటు వారిది. ఆ పద్ధతి ఊరికే రాలేదు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఇవే రెండు జట్ల ఆటలో మైదానంలో మొదలైన గొడవ గ్యాలరీకి పాకి 16 మంది చనిపోయారు. కలకత్తాలో ఇప్పటికీ ఏటా ఆ రోజున ఫుట్‌బాల్ అభిమానులు రక్తదానం చేస్తారు.

భూపాలపల్లి_బెంచి
నేను మా జట్టులో ఎప్పుడూ బెంచి మీదనే ఉంటాను, కాబట్టి ఈ విషయంలో నాకున్న అనుభవం పదకొండు మందిలో ఎవరికీ లేదు. లోపల ఆడేవాడికి అరుపులన్నీ ఒకే హోరుగా వినిపిస్తాయి, మాటలు వినిపించవు. వెనక కూర్చున్నవాడు ఏమన్నాడో, ఎవరి తల్లిని అన్నాడో, ఏ కులం పేరు తీశాడో బెంచి మీద ఉన్నవాడికి అక్షరం అక్షరం వినిపిస్తుంది. ఒకసారి ఒక ఊళ్లో నా వెనక ఉన్న పెద్దాయన ఆట మొత్తం నన్ను పేరు పెట్టి తిట్టాడు. నా జెర్సీ మీద పేరు లేదు. విరామంలో మా బ్యాగుల దగ్గరికి వెళ్లి టిఫిన్ డబ్బా మీద చూసి వచ్చాడట. అంత శ్రద్ధ మా కోచ్‌కు కూడా నా మీద లేదు. నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది కానీ, కులం పేరు తీసినప్పుడు నవ్వు రాదు. వింగర్ గారు చెప్పే గుండె అదరడం లెక్కలోకి అది వస్తుందా?

హనుమకొండ_వింగర్
రాదు. కులం, తల్లి, చెల్లి గురించి మాట్లాడినవాణ్ణి బయటికి పంపించాలి, మా వాడైనా సరే. అయితే ఖని అన్నను నేనొక మాట అడగాలి. పోయిన ఏడాది ఇదే పోటీలో బయటి నుంచి వచ్చినవాళ్లు మా గోల్‌పోస్టు వెనక లక్ష్మీ బాంబు కాల్చారు. గోల్‌కీపర్ చెవి పట్టుకుని కూర్చుండిపోయాడు. ఈసారి గేటు దగ్గర గట్టిగా తనిఖీ చేసింది అందుకే. డప్పులు కూడా ఆ ఊపులోనే ఆగిపోయి ఉంటాయి.

ఖని_రెండో_షిఫ్టు
బాంబు కాల్చింది మా ఊరివాళ్లు కాదు, ఎవరో నీకూ తెలుసు. సరే, ఎవరైనా తప్పే. బాంబుల కోసం వెతకండి, సంచులు విప్పి చూడండి, మేము వద్దన్నామా? కానీ డప్పులో బాంబు ఉండదు. బయటి నుంచి వచ్చిన ఒకరు తప్పు చేశారని, బయటి నుంచి వచ్చే అందరినీ అనుమానితుల్లా నిలబెడితే, ఎండలో నిలబడి ఒళ్లు తడిమించుకున్న మా నాన్న మళ్లీ మీ ఊరికి ఆటకు వస్తాడా? ఆయన కంపెనీ జట్టుకు ఆడిన మనిషి.

పాత_లైన్స్‌మన్
వింగర్, ఖని ఇద్దరూ చెప్పేది చదివాక కొంచెం వివరంగా రాయాలనిపించింది, విసుగు లేకుండా చదవండి. ఉమ్మడి వరంగల్ జిల్లాలో చాలా ఏళ్లు జెండా పట్టుకుని గీత వెంట పరుగెత్తాను, కాబట్టి ప్రేక్షకులకు నాకంటే దగ్గరగా నిలబడినవాళ్లు తక్కువ. బయటి అభిమానులకు చోటు ఇవ్వడమనేది మర్యాదకు సంబంధించిన విషయమని మనం అనుకుంటున్నాము. పెద్ద లీగులలో అది నియమాల్లో రాసి ఉంటుంది. యూరప్ క్లబ్ పోటీల్లో స్టేడియం సామర్థ్యంలో కనీసం 5 శాతం సీట్లు ఎదుటి జట్టు అభిమానులకు ఇవ్వాలి, అవి విడిగా, సురక్షితంగా ఉండాలి. ఇంగ్లండు ప్రీమియర్ లీగ్‌లో 3,000 టికెట్లు, చిన్న స్టేడియమైతే పదో వంతు, ఎదుటి క్లబ్బుకు కేటాయించాలి. 2016-17 సీజన్ నుంచి బయటి అభిమానుల టికెట్ ధర 30 పౌండ్లు దాటకూడదని కూడా పెట్టుకున్నారు, ఎందుకంటే దూరం నుంచి వచ్చేవాళ్లు తగ్గిపోతే స్టేడియంలో సందడి చచ్చిపోతున్నదని, టీవీలో చూసేవాళ్లకు కూడా అది తెలిసిపోతున్నదని వాళ్లకు అర్థమైంది. డబ్బు లెక్క తెలిసిన లీగే బయటివాడి గొంతు తనకు ఆస్తి అనుకున్నది. మనం మాత్రం డప్పు లాక్కుంటున్నాము.

ఇక భద్రత విషయానికి వస్తాను. గొడవ అవుతుంది కాబట్టి బయటివాళ్లను అసలు రానివ్వవద్దని మన నిర్వాహకుల్లో చాలామంది అంటారు. అర్జెంటీనాలో 2013 నుంచి చాలావరకు అదే చేశారు. ఇండోనేషియాలో 2022 అక్టోబరు 1న మలాంగ్‌లోని కంజురుహాన్ స్టేడియంలో కూడా ఎదుటి జట్టు అభిమానులను రానివ్వలేదు. మైదానంలో ఉన్నవాళ్లంతా ఒకే జట్టువాళ్లు. సొంత జట్టు ఓడిపోయిందని కొందరు లోపలికి దిగారు, పోలీసులు గ్యాలరీల్లోకి బాష్పవాయువు వదిలారు, ఊపిరాడక జనం గేట్ల దగ్గరికి పరుగెత్తి ఒకరి మీద ఒకరు పడ్డారు. 135 మంది చనిపోయారు. స్టేడియంలో బాష్పవాయువు వాడకూడదని ఫిఫా భద్రతా నియమాల్లో స్పష్టంగా ఉంది. అక్కడ ప్రాణాలు తీసింది బయటి ఊరివాడు కాదు, వాయువూ ఇరుకు గేటూ.

ఇంగ్లండులోని హిల్స్‌బరో స్టేడియం సంగతి కూడా అంతే. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లో జరిగిన ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్‌కు లివర్‌పూల్ అభిమానులు పరాయి ఊరికి వెళ్లారు. ముందు ఇనుప కంచె, వెనక నుంచి ఆగకుండా వచ్చే జనం, మధ్యలో ఇరుకు. మొత్తం 97 మంది ప్రాణాలు పోయాయి. తాగి వచ్చిన అభిమానులదే తప్పని ఏళ్ల తరబడి ప్రచారం చేశారు. చివరికి 2016లో విచారణ జ్యూరీ అభిమానుల తప్పు లేదని తేల్చింది. బయటి నుంచి వచ్చినవాళ్ల మీద నింద వేయడం ఎంత సులభమో ఆ ఒక్క సంఘటన చెబుతుంది.

మన దగ్గరి సంగతి చెబుతాను. ఆదివారం నేను కూడా వచ్చాను. తూర్పు వైపు మెట్లకు ఉన్న చిన్న గేటుకు గొలుసు వేసి తాళం వేశారు. విరామంలో ఆ తాళం చెవి ఎవరి దగ్గర ఉందని వాలంటీరును అడిగాను. ఆఫీసు గదిలో ఉన్నదన్నాడు. ఆఫీసు గది మైదానానికి అవతలి మూలన ఉంది. గేటు లోపలికి తెరుచుకుంటుంది, అంటే వెనక నుంచి జనం నెడితే అది తెరుచుకోదు. మెట్ల మీద కుటుంబాలు ఉన్నాయి. స్కోరు సమమైనప్పుడు ప్యాకెట్లు పడి అందరూ ఒక్కసారిగా ఆ గేటు వైపు కదిలారు. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి ఈ చర్చలో ఎవరూ గేటు గురించి రాయలేదు. నన్ను అడిగితే మైకు కంటే, డీజే కంటే ముందు మాట్లాడవలసింది దాని గురించే. తాళం వేయవలసి వస్తే చెవి పట్టుకున్న మనిషి ఆట అయ్యేదాకా గేటు పక్కనే నిలబడాలి, ఆట చూడకూడదు, జనాన్ని చూడాలి.

కాజీపేట_కూత
లైన్స్‌మన్ సార్, గేటు సంగతి చదివి ఒళ్లు జలదరించింది. స్టేషన్లలో పాదచారుల వంతెన మీద జరిగేది కూడా అదే.

ఇందూరు_లెఫ్ట్‌బ్యాక్
నేను నిజామాబాద్‌లో అమ్మాయిల జట్టుకు ఆడాను, ఇప్పుడు చిన్నపిల్లలకు నేర్పిస్తున్నాను. ఇంతమంది మాట్లాడారు, బాత్రూం గురించి ఒక్కరూ రాయలేదు. బయటి ఊరి మైదానానికి వెళ్లిన ఆడవాళ్లు మధ్యాహ్నం నుంచి నీళ్లు తాగకుండా కూర్చుంటారని మీలో ఎంతమందికి తెలుసు? నీళ్ల డ్రమ్ము దూరంగా ఉందని ఖని అన్న బాధపడ్డారు. దగ్గరగా ఉన్నా మేము తాగము. ఆతిథ్య ఊరివాళ్లు విరామంలో ఇంటికో, తెలిసినవాళ్ల ఇంటికో వెళ్లి వస్తారు. బయటి నుంచి వచ్చినవాళ్లకు ఆ వీలు ఉండదు కదా. ఒకచోట మా పిల్లల తల్లులు విరామానికే లేచి బస్టాండుకు వెళ్లిపోయారు, బస్టాండులో కనీసం సులభ్ ఉంటుందని. రెండో సగంలో మా పిల్లలు గోల్ కొడితే చూసేవాళ్లు లేరు. గుగులోతు సౌమ్య మా నిజామాబాద్ నుంచే భారత జట్టు దాకా వెళ్లిందని మేము గర్వంగా చెప్పుకుంటాము. అమ్మాయి ఆట చూడడానికి అమ్మ రాగలిగే పరిస్థితి లేకుండా మరో సౌమ్య వస్తుందనుకోవడం మాత్రం కుదరదు.

ఇంకొకటి కూడా ఉంది. అమ్మాయిల ఆటకు వచ్చే మగవాళ్ల అరుపులను వాతావరణం అని ఎవరూ అనకండి. అందులో చాలావరకు ఫుట్‌బాల్ ఉండదు.

మానేరు_మిడ్‌ఫీల్డ్
దీనికి జోకు వేయలేను. మీరు రాసింది నిజం.

గచ్చిబౌలి_ఓరుగల్లు
ఊరు వరంగల్, ఉద్యోగం హైదరాబాదులో. మన రాష్ట్రంలో బయటి అభిమానుల వల్ల మైదానం ఎలా మారుతుందో చూడాలంటే గచ్చిబౌలి స్టేడియం కంటే మంచి ఉదాహరణ లేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ ఆటలకు మామూలు రోజుల్లో సగం కుర్చీలు ఖాళీగా ఉండేవి. కేరళ బ్లాస్టర్స్ వచ్చిన రోజు మాత్రం మెట్రో దగ్గరి నుంచే పసుపు రంగు కనిపించేది. ఇక్కడ ఉద్యోగాలు చేసే మలయాళీలు కుటుంబాలతో వచ్చి, ఆట మొదలుకాకముందే పాటలు అందుకునేవారు. వాళ్లను చూసి మనవాళ్లకు పౌరుషం పుట్టి, అంతవరకు ఫోన్ చూసుకుంటున్న కుర్రాళ్లు కూడా లేచి అరిచేవారు. మన జట్టు రంగు కూడా పసుపే కావడంతో ఎవరు ఎవరివాళ్లో తెలియక మా పక్కన కూర్చున్న ఆయన సగం ఆటదాకా ఎదుటివాళ్లతో కలిసి చప్పట్లు కొట్టాడు.

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో కేరళతో జరిగిన ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్ కూడా అంతే. కేరళ ఆటగాళ్లు నల్ల చొక్కాలు వేసుకోవలసి వచ్చింది, కానీ గ్యాలరీ నిండా వాళ్ల పసుపే. 1-1 దగ్గర ఆట ఆగి పెనాల్టీలకు వెళ్లినప్పుడు మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, 3-1తో కప్పు మనకు వచ్చింది. అంత జనం ఎదురుగా అరుస్తుండగా గెలిచాము కాబట్టే ఆ కప్పుకు ఆ రుచి. ఖాళీ స్టేడియంలో గెలిచి ఉంటే ఇలా గుర్తుండేది కాదు. 2024 డిసెంబరు 31న గచ్చిబౌలిలో రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ ఫైనల్ బెంగాల్, కేరళ మధ్య జరిగింది. రెండూ మన జట్లు కావు. అయినా నూతన సంవత్సరం వేడుకలు మానుకుని జనం వచ్చారు. తొంభై నిమిషాలు దాటాక ఇంజురీ టైంలో హాన్స్‌డా కొట్టిన గోల్‌తో బెంగాల్ గెలిచింది. వాళ్లెవరూ రాకపోతే ఆ రాత్రి గచ్చిబౌలిలో ఫ్లడ్‌లైట్లు మాత్రమే ఉండేవి. 2025లో మన క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. సొంత జట్టే లేని ఊరు కావడం ఎలా ఉంటుందో మాకు తెలిసింది, మీకు కనీసం తిట్టుకోవడానికి రెండు జట్లు ఉన్నాయి.

హనుమకొండ_వింగర్
గచ్చిబౌలి అన్న చెప్పినదాంతో ఒప్పుకుంటున్నాను, ఎదుటి గొంతు లేకపోతే మన గొంతు లేవదు. అయినా నా పాయింటు పోలేదు. ఎదుటివాడు రావాలి, మేము వాణ్ణి ఓడించేంత గట్టిగా అరవాలి. షామియానా వేసి మజ్జిగ ఇస్తే అరుపు మెత్తబడుతుంది.

రహీం_సాబ్_ఏకలవ్యుడు
ఇంత చర్చ జరిగి జకార్తా పేరు ఎవరూ తీయకపోవడం ఆశ్చర్యంగా ఉంది. 1962 ఆసియా క్రీడల్లో తైవాన్, ఇజ్రాయెల్ క్రీడాకారులకు ఇండోనేషియా వీసాలు ఇవ్వలేదు. దానిమీద మన దేశానికి చెందిన క్రీడాధికారి సోంధీ అభ్యంతరం చెప్పారు. ఆ కోపం మొత్తం మన ఆటగాళ్ల మీదికి మళ్లింది. భారత రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది, మనవాళ్లు బస్సులో బయటికి వెళ్లాలంటే దేశం గుర్తు కనిపించకుండా వెళ్లవలసిన పరిస్థితి. ఫైనల్ నాడు దాదాపు లక్ష మంది నిండిన స్టేడియంలో మన జాతీయ గీతం వినిపించనంతగా గోల చేశారు. మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షకుడు, అప్పటికే ఆయన ఆరోగ్యం దెబ్బతిన్నది, మరుసటి సంవత్సరం జూన్‌లో కాన్సర్‌తో పోయారు. దక్షిణ కొరియాను 2-1తో ఓడించాము. పి.కె. బెనర్జీ ఒకటి కొట్టాడు, తలకు కుట్లతోనే ఆడిన జర్నైల్ సింగ్ మరొకటి కొట్టాడు.

ఇందులో నాకు ఎప్పటికీ మరిచిపోలేని సంగతి ఒకటుంది. ఆ లక్షమందిలో మనకోసం అరిచినవాళ్లు పాకిస్తాన్ హాకీ జట్టువాళ్లు. అదే క్రీడల హాకీ ఫైనల్‌లో మనల్ని ఓడించినవాళ్లు వచ్చి మన ఫుట్‌బాల్ జట్టుకు గొంతు ఇచ్చారు. పరాయి మైదానంలో ఒక్క మూల నుంచి వినిపించే గొంతు ఆడేవాడికి ఏమిటో ఆ పదకొండు మందిని అడిగితే చెప్పేవారు.

హనుమకొండ_వింగర్
మీరు నా తరఫున సాక్ష్యం చెప్పారు, గమనించారా? లక్షమంది గోల చేయడం వల్లనే మనవాళ్లకు కసి పుట్టి బంగారు పతకం వచ్చింది. మేము ఖనివాళ్లకు ఆ కసి ఉచితంగా ఇచ్చాము. వాడుకోలేకపోతే మేమేం చేస్తాము?

ఖని_రెండో_షిఫ్టు
ఇది విని నవ్వొచ్చింది, ఒప్పుకుంటాను. కసి తీసుకున్నాము, వచ్చే నెల మా ఊళ్లో వడ్డీతో ఇస్తాము. నీళ్లు మాత్రం తాగనిచ్చి ఇస్తాము.

మైకు_అన్న
ఆదివారం మైకు పట్టుకున్నది నేనే. నా గురించి నా వెనక ఇంత చర్చ జరుగుతున్నదని ఇవాళ తెలిసింది. మొదటి సంగతి, ఫుట్‌బాల్ వ్యాఖ్యానం ఉద్యోగం కాదు, పెళ్లిళ్లకు, ప్రారంభోత్సవాలకు వెళ్లే మాకు అదొక ఆదివారం పని. జనం నవ్వాలి, లేచి వెళ్లిపోకూడదు, దాతల పేర్లు పది నిమిషాలకోసారి రావాలి, నాకు చెప్పింది ఇంతే. రెండో సంగతి, బొగ్గు మాట నేను అన్నది ప్రేమతోనే. మా మామయ్య భూపాలపల్లి గనిలో పనిచేసి రిటైరయ్యాడు. మా ఇంట్లో మేమంతా ఆయనను అదే మాటతో ఆటపట్టిస్తాము. దానికి ఇంత రాద్ధాంతం అవసరం లేదని నా అభిప్రాయం.

భూపాలపల్లి_బెంచి
అన్నా, మామయ్యను ఇంట్లో అన్నప్పుడు చేతిలో మైకు లేదు కదా.

ఇందూరు_లెఫ్ట్‌బ్యాక్
మీరు చూపించినది పిల్లలను. వాళ్లు మీ మామయ్య కాదు, మీకు తిరిగి సమాధానం చెప్పే వయసు వాళ్లకు లేదు. ఆట గురించి చెప్పడానికి మాటలు దొరకకపోతే మైకు కాసేపు ఆపవచ్చు, జనం ఏమీ లేచి వెళ్లిపోరు.

మైకు_అన్న
మైకు ఆపితే దాతలు ఊరుకోరు మేడం. వచ్చే ఆదివారం పేర్లు మాత్రమే చదువుతాను, అప్పుడు సప్పగా ఉందని ఇదే చర్చలో ఎవరో ఒకరు రాస్తారు, చూడండి.

పాత_లైన్స్‌మన్
మజ్జిగ ఇస్తే అరుపు మెత్తబడుతుందన్న వింగర్‌కు జవాబు బాకీ ఉన్నాను. 2017 ఏప్రిల్ 11న జర్మనీలో డోర్ట్‌మండ్ జట్టు బస్సు పక్కన బాంబులు పేలాయి, ఒక ఆటగాడు గాయపడ్డాడు, మొనాకోతో ఆటను మరుసటి రోజుకు మార్చారు. ఒక్క రాత్రికోసమే వచ్చిన మొనాకో అభిమానులకు ఉండడానికి చోటు లేదు. డోర్ట్‌మండ్ అభిమానులు సామాజిక మాధ్యమాల్లో కబురు పెట్టి వాళ్లను తమ ఇళ్లకు తీసుకువెళ్లి పడుకోబెట్టారు, భోజనం పెట్టారు. ఆ ఊరి స్టేడియంలో దక్షిణం వైపు గ్యాలరీలో ఒక్కచోటే దాదాపు 25,000 మంది నిలబడి అరుస్తారు, యూరప్‌లో దానికి మించిన హోరు లేదంటారు. మరుసటి రోజు ఆ హోరేమీ తగ్గలేదు. ఆట మాత్రం మొనాకోనే గెలిచింది, అది వేరే సంగతి.

కమిటీ_కుర్రాడు
నేను నిర్వాహకుల తరఫున అధికారికంగా రాయడం లేదు, కుర్చీలు మోసేవాళ్లలో ఒకణ్ణి. షామియానా ఒక వైపుకే సరిపడా డబ్బులు వచ్చాయి, అవి వచ్చింది ఈ ఊరి దాతల నుంచి, కాబట్టి ఈ ఊరివాళ్ల వైపు వేశారు. బందోబస్తుకు వచ్చిన పోలీసులు ఇద్దరు. ఫైనల్‌కు ట్యాంకరు ఒకటి తూర్పు వైపు పెట్టించడానికి మాట్లాడుతున్నాము. మొబైల్ టాయిలెట్ అడిగితే మున్సిపాలిటీవాళ్లు దరఖాస్తు పెట్టమన్నారు, పెట్టాము. గేటు తాళం విషయం మాత్రం పెద్దలకు చెప్పాను. చెవి నాకే ఇచ్చారు. అంటే ఫైనల్ నేను చూడనట్టే.

మానేరు_మిడ్‌ఫీల్డ్
నువ్వు చూడకపోయినా మైకు అన్న చెప్తాడు, విని ఆనందించు. మధ్యలో దాతల పేర్లు వస్తాయి, ఓపిక పట్టాలి.

కాజీపేట_కూత
ఒక ఏర్పాటు గురించి ఎవరూ అడగలేదు. ఆట అయ్యాక ఎవరిని ముందు బయటికి పంపుతారు? పెద్ద స్టేడియాల్లో చాలాచోట్ల బయటి అభిమానులను కాసేపు లోపలే ఆపి, సొంత ఊరివాళ్లు వెళ్లిపోయాక పంపుతారు. మన దగ్గర అది కుదరదు. మంచిర్యాల, బెల్లంపల్లి వైపు వెళ్లే సాయంత్రం బండి తప్పిపోతే కుటుంబాలతో వచ్చినవాళ్లు కాజీపేట ప్లాట్‌ఫారం మీద రాత్రి గడపాలి. నేను ఆ ప్లాట్‌ఫారం మీద పనిచేస్తాను, అక్కడ దోమల సంగతి నాకు తెలుసు. బయటివాళ్లనే ముందు పంపాలి, ఈ ఊరివాళ్లు పావుగంట కూర్చోవాలి.

పాత_లైన్స్‌మన్
సూత్రప్రకారం నేను దీనికి ఒప్పుకోను. గెలిచిన ఊరివాళ్లను గేటు లోపల ఆపడం కంటే కష్టమైన పని లేదు. బహుమతి ప్రదానం ఆట ముగిసిన వెంటనే పెడితే ఈ ఊరివాళ్లు వాళ్లంతట వాళ్లే ఉంటారు, ఆపవలసిన అవసరం ఉండదు. ఓడినవాళ్లు ఎలాగూ బహుమతులు చూడడానికి నిలబడరు.

ఖని_రెండో_షిఫ్టు
వచ్చే ఏడాది ఫైనల్‌కు వచ్చి మేము గెలిస్తే?

హనుమకొండ_వింగర్
గెలిస్తే కప్పు తీసుకుని మీరే ముందు వెళ్లండి, గేటు దగ్గర నేనే దారి ఇప్పిస్తాను. కాకపోతే ఊరేగింపు రామగుండంలో దిగాకనే మొదలుపెట్టాలి, కాజీపేట దాకా మా వీధుల్లో వద్దు.

కాజీపేట_కూత
బండిలో కూడా వద్దు. ఏసీ బోగీలో డప్పు కొట్టారని ఫిర్యాదు వస్తే రాసుకోవలసింది నేనే.